అద్దం పోయింది, లెన్సులు ఉన్నాయి

ఫొటోగ్రాఫర్లందరికీ నమస్కారం. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పూట ఖాళీ చేసుకుని వచ్చారంటే చిన్న విషయం కాదు.

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల పని అయిపోయిందా అని అడుగుతున్నారు. కంపెనీల వైపు నుంచి చూస్తే అయిపోయినట్టే. 2020లో వచ్చిన తన అగ్రశ్రేణి 1డీఎక్స్ మార్క్ 3 తర్వాత ఆ స్థాయి డీఎస్ఎల్ఆర్ ఇక ఉండదని కెనాన్ చెప్పేసింది. నికాన్ డీ6, డీ780 కూడా ఆ ఏడాదివే. పెంటాక్స్ మాత్రం పట్టు వదల్లేదు. 2023లో నలుపు తెలుపు ఫొటోలే తీసే డీఎస్ఎల్ఆర్ ఒకటి తెచ్చింది. మొండితనమే అనుకోండి, నాకు ముచ్చటేసింది.

అద్దం ఎందుకు ఓడిపోయిందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? లెన్సు వెనక ఏటవాలుగా ఉండే అద్దం వెలుతురును వ్యూఫైండర్‌కి పంపుతుంది. క్లిక్ నొక్కగానే పైకి లేస్తుంది, కంటి ముందు చీకటి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం అందరికీ కనిపిస్తుంది, ఫొటో తీసేవాడికి తప్ప! పైగా ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే పెళ్లికూతురి కన్ను మసకగా, చెవి జూకా స్పష్టంగా వస్తాయి. అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఒకే సెన్సర్ రెండు పనులూ చేస్తుంది. అమ్మాయి తల వంచినా, తిప్పినా కన్నును వదలదు.

అలాగని మిర్రర్‌లెస్ కోసం అప్పు చేసి పరిగెత్తకండి. ప్రామాణిక పరీక్షలో నికాన్ డీఎస్ఎల్ఆర్ డీ850 ఒక్క చార్జింగ్‌తో 1,840 ఫొటోలు తీస్తుంది, మిర్రర్‌లెస్ జడ్7 అయితే 330. వాడకంలో రెండూ అంతకంటే ఎక్కువే ఇస్తాయి కానీ, తెల్లవారుజాము ముహూర్తానికి జేబులో మూడు బ్యాటరీలు ఉండాల్సిందే. షట్టర్ చప్పుడు లేకుండా తీసే సైలెంట్ మోడ్‌లో ఎల్ఈడీ వాల్ ముందు తీస్తే ఫొటో నిండా చారలు పడొచ్చు. ఖరీదైన కెమెరా బాడీల్లో ఆ బెడద తక్కువ. ఆ ఖరీదు మన రిసెప్షన్ ఆర్డర్లతో తీరేది కాదు. 12×36 ఆల్బమ్ షీట్‌లో ఆరు ఫొటోలు పేర్చాక, ఏ కెమెరాతో తీశావని ఏ పెళ్లివారూ అడగరు.

మీ ఆస్తి బాడీ కాదు, లెన్సులు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు 1987 నుంచీ ఉన్నాయి. వాటిని కెనాన్ మిర్రర్‌లెస్ అయిన ఆర్ఎఫ్ బాడీకి తగిలించే మామూలు అడాప్టర్‌లో గాజే ఉండదు, 24 మిల్లీమీటర్ల ఖాళీ గొట్టమూ కనెక్షన్లూ అంతే. ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. నికాన్ వాళ్లకే కాస్త టెన్షన్. పాత లెన్సుల్ని నికాన్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు కాబట్టి, సొంత మోటార్ లేని పాత 50 ఎంఎం 1.8డీ లాంటివి చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే.

నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇది పండగ కాలం. ఒకప్పుడు అద్దెకు కూడా దొరకని పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ బాడీలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటుకొచ్చాయి. షట్టర్ కౌంట్, అంటే అది ఇప్పటిదాకా ఎన్ని క్లిక్‌లు కొట్టిందో చూడకుండా డబ్బులివ్వద్దు. స్పేర్ పార్టులు దొరుకుతాయో లేదో మీ ఊరి మెకానిక్‌ని ముందే అడగండి.

బయట టేబుల్ మీద రెండు రకాల అడాప్టర్లూ పెట్టాం. లెన్సులు తెచ్చినవాళ్లు తగిలించి చూసుకోండి. డీ లెన్సుల వాళ్లు నా దగ్గరికి రండి, విడిగా మాట్లాడదాం.