రిపోర్టులో లేని మందు

(గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల తెలుగు శ్రోతలతో ఫోన్-ఇన్. ఈ వారం విషయం తాగునీటిలో రసాయనాలు. జవాబులిచ్చేది కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం.)

యాంకర్: సిరోంచా నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. మా ఇంటి ముందు బోరింగ్ ఉంది. చుట్టూ పత్తి చేన్లే. వానలు పడి, గడ్డిమందు కొట్టినప్పటి నుంచి నీళ్లు అదో రకం వాసన వస్తున్నాయి. పంచాయతీలో అడిగితే రిపోర్టు చూపించారు. ‘పిణ్యాస్ యోగ్య’, అంటే తాగడానికి పనికొస్తాయని మరాఠీలో రాసి ఉంది. మా కోడలికి ఆరో నెల. చాలా టెన్షన్‌గా ఉంది.

మేడం: రిపోర్టు సంగతి తర్వాత అమ్మా. ముందు కోడలికి ఆ నీళ్లు ఆపేయండి. చేన్లకు దూరంగా ఇంకో బోరింగ్ ఉందా?

శ్రోత: బడి దగ్గర ఉంది. దూరమని పోము.

మేడం: తాగడానికి, వంటకు రెండు బిందెలు అక్కడి నుంచే తెచ్చుకోండి. బట్టలకు ఇంటి ముందువి చాలు. ఇప్పుడు చెప్పండి, రిపోర్టులో ఏమేం ఉన్నాయి?

శ్రోత: మా చిన్నబ్బాయి చదివాడు. పీహెచ్, టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్... ఇంకో రెండు మూడు.

మేడం: పురుగుమందు, గడ్డిమందు పేరు ఒక్కటైనా ఉందా?

శ్రోత: లేదు మేడం.

మేడం: చూశారా. ‘యోగ్యం’ అన్నమాట వాళ్లు వెతికిన వాటికే వర్తిస్తుంది. మందు కోసం ఎవరూ వెతకనే లేదు. ఊళ్లలో వాడే కిట్లతో మందులు తెలియవు. దానికి పెద్ద మిషన్లు కావాలి, ఖర్చూ ఎక్కువే. అందుకని మామూలు పరీక్షలో వాటిని వదిలేస్తారు. వాసన వచ్చినంత మాత్రాన మందే అని నేను అనను, కానీ వాసన లేకపోతే మందు లేదని కూడా అనలేం.

యాంకర్: మరి ప్రభుత్వం పెట్టిన హద్దులు ఉంటాయి కదా మేడం?

మేడం: ఉన్నాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో 18 పురుగుమందులకు, గడ్డిమందులకు హద్దులు రాశారు. మోనోక్రోటోఫాస్ లీటరుకు 1 మైక్రోగ్రాము, ఫోరేట్ 2. డీడీటీ ఉంది, 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ కూడా ఉంది. ఇప్పుడు పత్తి రైతుకు బాగా తెలిసిన పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ ఆ పట్టికలో లేదు. గడ్డిమందు గ్లైఫోసేట్ కూడా లేదు. హద్దే లేకపోతే దాటిందని ఎవరు చెప్తారు? నాకు బాధ కలిగించేది ఇదే. యూరప్‌లో ఏ పురుగుమందైనా సరే, పట్టికతో పని లేకుండా, లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించకూడదంటారు. అమెరికాలో 1996 చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి, హద్దు లేని పదార్థాలు 30 దాకా ఎంచుకుని నీటిలో వెతుకుతారు. మనకూ అలాంటి వెతుకులాట కావాలి.

యాంకర్: ఊరి నీళ్లకు సర్కారు ఇచ్చే గ్రీన్ కార్డు ఉంటే?

మేడం: అది బోరు చుట్టూ శుభ్రత చూసి ఇచ్చే కార్డు. మందుల సంగతి అందులో ఉండదు. అమ్మా, మీరు ఒక పని చేయండి. చుట్టుపక్కల చేన్లలో కొట్టిన మందుల డబ్బాల మీద పేర్లు ఒక కాగితం మీద రాయించండి. కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు. వాసన వచ్చిన తేదీలు కూడా రాసి, పంచాయతీ ద్వారా జిల్లా ల్యాబ్‌కు పంపండి. అక్కడ కాదంటే, ఈ మందులు ఎక్కడ పరీక్షిస్తారో రాసివ్వమనండి. నమూనా సీసా కూడా ల్యాబ్ నుంచే తీసుకోండి. దీనికి ముదురు రంగు గాజుసీసా కావాలి, నిండా పట్టి, ఐస్ పెట్టెలో పంపాలి. ఏం వెతకాలో మనం చెప్తేనే వాళ్లు వెతుకుతారు.

శ్రోత: డబ్బాలు గట్టు మీదే పడి ఉన్నాయి మేడం. పొద్దున్నే రాయిస్తా.

యాంకర్: రాజురా నుంచి ఇంకో ఫోన్. చెప్పన్నా.

రెండో శ్రోత: నీళ్లు మరగబెడితే మందు పోదా మేడం?

మేడం: పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, చాలా మందులు మాత్రం మిగిలి ఇంకా చిక్కనవుతాయి. పటిక కూడా వీటికి పని చేయదు. బొగ్గు ఫిల్టరు, ఆర్వో కొన్నిటిని బాగా ఆపుతాయి, అదీ ఫిల్టరు వేళకు మారిస్తేనే. మీరు చేనుకు మందు కొట్టాక, ఆ కొట్టే పంపు ఎక్కడ కడుగుతారు?

రెండో శ్రోత: (కాసేపు ఆగి) బోరింగ్ దగ్గరే మేడం. నీళ్లు అక్కడే ఉంటాయి కదా.

మేడం: బోరింగ్ చుట్టూ ఉన్న గద్దె పగిలి ఉందా?

రెండో శ్రోత: ఉంది. రెండేళ్లయింది.

మేడం: ఆ పగుళ్లలోంచి నీళ్లు పైపు పక్క నుంచే కిందికి దిగుతాయి. ఇక నుంచి బిందెతో నీళ్లు చేనుకు తీసుకెళ్లి అక్కడే కడగండి. ఆ కడుగు నీళ్లు పైరు మీదే కొట్టేయండి. ఖాళీ డబ్బా మూడుసార్లు కడిగి, ఆ నీళ్లూ మందు కొట్టే పంపులోనే పోయండి. గద్దెకు సిమెంటు వేయించమని పంచాయతీని అడగండి.

రెండో శ్రోత: సరే మేడం. మా దాయాదులు నలుగురూ అక్కడే కడుగుతారు. ఈ రాత్రికే చెప్తా.