హెడ్‌సెట్‌లోంచి కట్టడాన్ని చూస్తే

అందరికీ నమస్కారం. కళ్లకు గంతలు కట్టుకుని కాసేపు తడుముకుంటూ నడిస్తే చూపులేనివాళ్ల జీవితం అర్థమైపోతుందన్న నమ్మకం నాకు లేదు. అదే పని వర్చువల్ రియాలిటీలో, అంటే తలకు హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లముందు కనిపించే కృత్రిమ త్రీడీ లోకంలో చేసినా అంతే. ఇలా వైకల్యాన్ని నటించి చూసే పద్ధతిపై మనస్తత్వ శాస్త్రవేత్త మిషెల్ నారియో-రెడ్‌మండ్ బృందం 2017లో ఒక పరిశోధన ప్రచురించింది. పాల్గొన్నవాళ్లలో సానుభూతి పెరిగింది కానీ, దాంతోపాటు అయోమయం, నిస్సహాయత కూడా పెరిగాయి. వికలాంగులతో మెలిగే విషయంలో వైఖరి మాత్రం మెరుగుపడలేదు. బయటికొచ్చి 'పాపం' అనుకోవడంతో సరిపోయిందన్నమాట. దారికి అడ్డొచ్చే గడపను ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న ప్రశ్న దాంతో రాదు.

అందుకే వికలాంగులకు అందుబాటులో ఉండేలా కట్టడం ఎలాగో ఆర్కిటెక్టులకు నేర్పేటప్పుడు, నేను హెడ్‌సెట్‌ను కట్టడంలోని తప్పులు పట్టడానికి వాడమంటాను.

టాయిలెట్ సంగతే తీసుకోండి. వీల్‌చైర్ తిరగడానికి సుమారు ఒకటిన్నర మీటరు వెడల్పు వృత్తం కావాలి. ప్లాన్‌లో ఆ వృత్తం గీసేస్తారు, సంతకం అయిపోతుంది. ఇప్పుడు అదే గదిని త్రీడీలో పెట్టి, కంటి ఎత్తును సుమారు 115 సెంటీమీటర్లకు దించి, కుర్చీ కొలతలతో సహా ఆర్కిటెక్టును లోపలికి వెళ్లమనండి. వెళ్లడం బాగానే వెళ్తారు. వెనక్కి తిరిగి చూస్తే తలుపు తెరిచే ఉంటుంది. అది లోపలికి తెరుచుకునే తలుపు, మూయాలంటే కుర్చీ అడ్డం. కుర్చీని పక్కకు జరుపుదామంటే వాష్‌బేసిన్ తగులుతుంది. కాగితం మీద వృత్తమూ సరే, తలుపూ సరే. రెండూ ఒకే చోటికి వస్తాయని అప్పుడు తడుతుంది. తలుపును బయటికి తెరుచుకునేలా మార్చి మళ్లీ వెళ్లమంటే, అవతలి మనిషి ఇక ఆ పాఠం మరిచిపోడు. ఇంకా ఇటుక పేర్చలేదు కాబట్టి ఖర్చూ లేదు.

రిసెప్షన్ కౌంటర్ కూడా అంతే. 110 సెంటీమీటర్ల కౌంటర్ ముందు కూర్చున్న మనిషికి అవతలి ఉద్యోగి తల తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. గాజు తలుపుల మీద గుర్తులు తీసేసి, కాంట్రాస్ట్ తగ్గించి చూపిస్తే ఆర్కిటెక్టులే నేరుగా వెళ్లి గుద్దుకుంటారు!

అయితే ర్యాంప్‌ను మాత్రం దీంతో నేర్పలేం. చాలా నిబంధనల్లో ఉండే 1:12 వాలు అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. హెడ్‌సెట్‌లో 1:12కీ 1:6కీ తేడా కంటికి కొంచెం తెలుస్తుందేమో గానీ భుజాలకు తెలియదు. జాయ్‌స్టిక్ నొక్కితే రెండూ ఒకే సులువుగా ఎక్కేస్తాయి. అది తప్పుడు పాఠం. దానికి నిజమైన వాలు, నిజమైన కుర్చీ ఉండాల్సిందే. పైగా కన్ను కదులుతున్నామంటుంది, లోపలి చెవి లేదంటుంది, దాంతో కొందరికి కడుపులో తిప్పుతుంది. అందుకే సెషన్లు చిన్నవిగా ఉంచండి, మధ్యలో తీసేసే స్వేచ్ఛ ఇవ్వండి. ఇంకో తమాషా ఏమిటంటే, అందుబాటు గురించి నేర్పే ఈ పరికరాలే చాలామటుకు రెండు చేతులూ ఉన్నవాళ్ల కోసం చేసినవి.

మీ దగ్గర ఇది మొదలుపెట్టాలనుకుంటే హెడ్‌సెట్లు తర్వాత కొనండి. వీల్‌చైర్ వాడేవాళ్లను, చేతికర్రతో నడిచేవాళ్లను, చెవుడు ఉన్నవాళ్లను ముందు పిలవండి. ఏ గదిలో ఏ పని చేయించి చూడాలో వాళ్లనే రాయమనండి. కన్సల్టెంట్లకు ఇచ్చినట్టే వాళ్లకూ ఫీజు ఇవ్వండి.