మొదటి టేకాఫ్: డ్రోన్‌కి గండం పైన కాదు, కిందే

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ డ్రోన్ గురించి మాట్లాడుకుందాం. యుద్ధాల్లో వాడేవి, పంటలకి మందు చల్లే పెద్దపెద్దవి పక్కన పెట్టేద్దాం. సరదాకో వీడియోలు తీసుకోడానికో చాలామంది కొనుక్కుంటున్నారే, నాలుగు రెక్కల చిన్న డ్రోన్, దాన్ని మొట్టమొదటిసారి నేల మీంచి లేపేటప్పుడు ఏం చూసుకోవాలి అన్నదే ఇవాళ్టి విషయం. ఇంత చిన్న విషయానికి ప్రసంగం ఎందుకండీ అంటారేమో గానీ, నేను చూసినంతలో కొత్తవాళ్ళ డ్రోన్ దెబ్బతినేది ఎక్కువగా అక్కడే, లేచిన మొదటి అర నిమిషంలోనే.

కొత్తవాళ్ళందరికీ ఎత్తు అంటే భయం. పైకి పోతే ఎక్కడ పడిపోద్దో, పడితే ముక్కలైపోద్ది కదా అని జానెడు ఎత్తులో, మహా అయితే మోకాలెత్తులో పెట్టి ఆడిస్తుంటారు, అది అటూఇటూ ఊగుతుంటే ఇంకా భయపడి ఇంకా కిందకి దించుతారు, అప్పుడు అది ఇంకా ఎక్కువ ఊగుతుంది. అసలు సంగతేంటంటే డ్రోన్‌కి అన్నిటికంటే కష్టమైన చోటు అదే. రెక్కలు గాలిని కిందకి తోస్తాయి కదా, నేల దగ్గరగా ఉంటే ఆ గాలికి పోయే దారి ఉండదు, నేలకి కొట్టుకుని పక్కలకి చెదిరిపోద్ది, లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, ఒక్కో పక్క ఒక్కోలా మారిపోతూ ఉంటుంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. దానికి తోడు ఎత్తు కొలిచే బేరోమీటర్ ఉంటుంది లోపల, అది పనిచేసేది గాలి ఒత్తిడిని బట్టి, కింద ఈ గాలి గోలలో దాని లెక్క కూడా కాస్త తప్పుద్ది. అడుగున కిందకి చూసే కెమెరా ఉంటుంది, నేలని చూస్తూ డ్రోన్‌ని ఒకచోట నిలబెట్టేది అదే, చాలా మోడల్స్‌లో అది అర మీటరు ఎత్తు దాటితే గానీ సరిగ్గా పనిచెయ్యదు. అంటే మీరు జాగ్రత్త అనుకుని డ్రోన్‌ని పెట్టిన చోట దాని కళ్ళూ సరిగ్గా పనిచెయ్యవు, కాళ్ళూ నిలవవు.

అందుకని టేకాఫ్ అంటే నసగకూడదు. రిమోట్ మీద ఎత్తు పెంచే స్టిక్‌ని మెల్లగానే, కానీ ఆపకుండా పైకి తొయ్యండి, మీ తల కంటే కాస్త ఎత్తుకి, ఓ రెండు మీటర్లకి తీసుకెళ్ళి అక్కడ ఆపండి. ఆటో టేకాఫ్ బటన్ ఉంటే నొక్కేయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు, అది కూడా గబుక్కున మీటరు పైకి లేపి అక్కడే నిలబెడుతుంది. ఓ పదిహేను ఇరవై సెకన్లు ఏమీ చెయ్యకుండా చూడండి. గాల్లో ఒకచోట స్థిరంగా ఉందా, పక్కకి జరుగుతోందా, మోటార్ శబ్దం ఒకేలా ఉందా. తేడా కొడితే అక్కడికక్కడే దించెయ్యొచ్చు.

ఇప్పుడు లేపే చోటు సంగతి. గడ్డిలో పెడతారు, పచ్చగా మెత్తగా ఉంది కదా అని. చిన్న డ్రోన్‌కి రెక్కలకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు కూడా ఉండదు, గడ్డిపరక తగిలితే చాలు, ఒక మోటార్ తడబడుద్ది, మిగతా మూడూ లేపుతూనే ఉంటాయి, ఇంకేముంది, పల్టీ. మట్టి నేల మీద పెడితే దుమ్ము లేచి మోటార్లలోకి, కెమెరాని ఊగకుండా పట్టే గింబల్‌లోకి పోతుంది. సరే అని కొంతమంది కారు బానెట్ మీద పెడతారు. అది ఇంకా ఘోరం, ఎందుకంటే అది ఇనుము. కాంక్రీటు నేలైనా అనుమానమే, లోపల ఇనప చువ్వలుంటాయి, రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత దగ్గర కూడా అంతే.

ఇనుముతో గొడవేంటంటే, డ్రోన్‌లో దిక్సూచి ఉంటుంది, దాని ముక్కు ఎటు ఉందో చాలావరకు దానివల్లే తెలుస్తుంది. పక్కన ఇనుముంటే దిక్సూచి పక్కకి లాగుద్ది. నేల మీద ఉన్నంతసేపూ ఏమీ తెలీదు, లేచాక మొదలవుతుంది తమాషా. డ్రోన్ ఒకచోట నిలబడాలని చూస్తుంది, కాస్త జరిగావని జీపీఎస్ చెప్తుంది, సరిదిద్దుకుందామని వెనక్కి వస్తే దిక్కు తప్పుగా తెలుసు కాబట్టి ఇంకోవైపు పోతుంది, మళ్ళీ సరిదిద్దుకుంటుంది, మళ్ళీ తప్పు. ఒక చెవిలో ఎడమకి పొమ్మని, ఇంకో చెవిలో కుడికి పొమ్మని ఇద్దరు చెప్తుంటే మనం తిరిగినట్టే గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది, ఆ గుండ్రం పెద్దదైపోతూ ఉంటుంది. ఇలా తిరగడం చూస్తే ఆశ్చర్యపడుతూ నిలబడకండి, దించెయ్యండి, చోటు మార్చండి, అక్కడ కంపాస్ క్యాలిబ్రేషన్ చెయ్యండి. క్యాలిబ్రేషన్ అంటే యాప్ చెప్పినట్టు డ్రోన్‌ని చేత్తో పట్టుకుని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తిప్పడమే. ఇదే పని కారు పక్కన నిలబడి, జేబులో ఫోను, చేతికి స్టీలు గడియారం పెట్టుకుని చేశారనుకోండి, ఉన్న తప్పుని మీరే ముద్రేసి పెట్టినట్టు.

చదునైన చెక్కపలక ఒకటి పడేస్తే చాలు, దాని మీంచి లేపొచ్చు, దిగొచ్చు. అట్టముక్కైనా పనికొస్తుంది గానీ నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి, లేకపోతే రెక్కల గాలికి అట్టే పైకి లేచి రెక్కల్లో ఇరుక్కుంటుంది. గుడ్డ పరిచేవాళ్ళని కూడా చూశాను, వద్దు బాబూ.

రెక్కల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే లేవగానే పల్టీ కొట్టిందంటే మొదట అనుమానించాల్సింది వాటినే. నాలుగు ప్రొపెల్లర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కావు. రెండు గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతాయి, రెండు ఎదురుగా. ఎదురెదురు మూలల్లో ఉన్నవి ఒకే జాతి, పక్కపక్కనవి వేరే జాతి. నాలుగూ ఒకేవైపు తిరిగితే డ్రోన్ బొంగరంలా తిరిగిపోద్ది, అందుకే ఈ ఏర్పాటు. కంపెనీవాళ్ళు సాధారణంగా ఒక జతకి రంగు గీతో అక్షరమో పెడతారు, మోటార్ మీద కూడా అదే గుర్తు ఉంటుంది, గుర్తున్నది గుర్తున్నదాని మీదకి. గుర్తు కనబడకపోతే రెక్కని కంటి ఎత్తుకి తెచ్చుకుని అంచువైపు నుంచి చూడండి, ఒక అంచు ఎత్తుగా, ఇంకో అంచు పల్లంగా ఉంటుంది. మోటార్ తిరిగేటప్పుడు ఎత్తుగా ఉన్న అంచే ముందుగా గాలిని కొయ్యాలి. తప్పు జాతిది వేస్తే ఆ మూల గాలిని పైకి తోస్తుంది, మిగతా మూడు కిందకి తోస్తాయి, మీరు స్టిక్ తోసీ తొయ్యగానే వెల్లకిలా. ఇంకోటి, రెక్క అంచు మీద గోరు నడిపి చూడండి. ఎక్కడైనా గోరు తట్టుకుందంటే చీలిక ఉన్నట్టే, ఆ రెక్క పారెయ్యండి, అతికించుకోడాలు అవీ వద్దు.

బ్యాటరీ తోసినప్పుడు క్లిక్ మని వినబడాలి. సగం తోసి వదిలేసిన బ్యాటరీ గాల్లో ఊడిపోతే ఇక చెప్పేదేముంది. ఉబ్బిన బ్యాటరీ అయితే వాడనే వాడొద్దు, ఇవన్నీ లిథియం బ్యాటరీలు, మంటలు లేస్తాయి. చలిరోజైతే బ్యాటరీని కాస్త వెచ్చగా ఉంచుకుని పట్టుకెళ్ళండి, చల్లబడిన బ్యాటరీ ఫుల్ చూపిస్తూనే చార్జ్ ఉన్నట్టుండి పడిపోద్ది. కెమెరాకి ఉన్న ప్లాస్టిక్ తొడుగు తీశారో లేదో చూడండి, తియ్యకుండా ఆన్ చేస్తే గింబల్ మోటార్ దానితో కుస్తీ పడుతుంది. ఫర్మ్‌వేర్ అంటే డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్, దాని అప్‌డేట్, యాక్టివేషన్ లాంటివి ముందురోజే ఇంట్లో కానిచ్చెయ్యండి, మైదానంలో నెట్ సరిగ్గా రాక చిరాకుపడుతూ ఆ చిరాకులోనే లేపేస్తారు.

ఆన్ చేసే వరస కూడా ఉంది. ముందు రిమోట్, తర్వాత డ్రోన్. ఆన్ చేశాక డ్రోన్‌ని కదపకండి. లోపల గైరో అనే సెన్సార్ ఆ కొద్ది సెకన్లలోనే తాను కదలకుండా ఉన్నానని లెక్క కట్టుకుంటుంది, ఆ టైమ్‌లో చేతిలో పట్టుకుని అందరికీ చూపిస్తూ తిరిగారనుకోండి, లెక్క తప్పుద్ది, తర్వాత గాల్లో ఏటవాలుగా జారిపోతుంటే ఏమైందో అర్థం కాదు.

ఇక జీపీఎస్. ఇక్కడ ఓపిక లేకే చాలామంది దెబ్బతింటారు. నాలుగు రోటర్ల యంత్రం ఇవాళ పుట్టింది కాదు, 1922 డిసెంబర్‌లో అమెరికాలో జార్జ్ డి బోతెజాత్ అనే ఇంజనీరు చేసిన నాలుగు రోటర్ల హెలికాప్టర్ మనిషిని ఎక్కించుకుని లేచింది, రెండు మీటర్లు దాటలేదు, నిమిషమున్నర పైచిలుకు గాల్లో ఉంది, ఆ ఉన్నంతసేపూ గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయింది. జీపీఎస్ అందకపోయినా, అడుగు కెమెరాకి నేల సరిగ్గా కనబడకపోయినా మన డ్రోన్ కూడా ఇప్పటికీ అదే పని చేస్తుంది. తానెక్కడున్నదీ తెలియాలంటే లెక్క ప్రకారం 4 ఉపగ్రహాలు చాలు, కానీ 10 దాటేదాకా ఆగడం మంచిది, అన్నీ కలిపి ఓ నిమిషం పట్టుద్దేమో. యాప్‌లో హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, రికార్డ్ అయిందని వచ్చాకే లేపండి. ఆగకుండా లేపితే ఏమవుద్దంటే, కొన్ని మోడల్స్ జీపీఎస్ దొరికిన చోటునే ఇల్లు అనుకుంటాయి, ఆ టైమ్‌కి అది చెరువు మీద ఉందనుకోండి, తర్వాత రిమోట్ సిగ్నల్ పోయినప్పుడు బుద్ధిగా ఇంటికొచ్చి చెరువులోనే దిగుద్ది.

ఆ ఇంటికి తిరిగొచ్చే ఎత్తు కూడా ముందే సెట్ చేసుకోవాలి, రిటర్న్ టు హోమ్ ఎత్తు అంటారు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైన చెట్టో బిల్డింగో చూసుకుని దానిపైన ఇంకో పది మీటర్లు. నీడగా ఉందని చెట్టు కింద నిలబడి లేపొద్దు. రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కితే చాలాసార్లు అది ముందు నిట్టనిలువుగా పైకి లేచి, అప్పుడు వెనక్కి వస్తుంది, పైన కొమ్మ ఉంటే కొమ్మలోకే. మరి ఇంట్లోనే నేర్చుకుంటే పోలా అంటారు కొందరు. అరచేతిలో పట్టే బొమ్మ డ్రోన్‌కి, రెక్కల చుట్టూ గార్డ్ ఉంటే, సరే. జీపీఎస్ డ్రోన్‌కి మాత్రం గది అంటే సిగ్నల్ లేదు, వెలుతురు చాలదు, గోడలకి కొట్టుకున్న గాలి మళ్ళీ దాని మీదకే వస్తుంది. ఖాళీ మైదానమే నయం.

డ్రోన్ తోక మీవైపు, ముక్కు అవతలికి ఉండేలా పెట్టి, మీరు నాలుగైదు మీటర్లు వెనక్కి నిలబడండి. మొదటిరోజంతా తోక మీవైపే ఉంచండి. ముక్కు మీవైపు తిరిగిందంటే కుడి ఎడమలు తారుమారైపోతాయి, మీరు తప్పించబోతారు, అది సరిగ్గా మీ మీదకే వస్తుంది. కంగారు పుడితే స్టిక్స్ వదిలెయ్యండి, జీపీఎస్ డ్రోన్ అయితే బ్రేకు పడి అక్కడే ఆగుద్ది. ఇది మాత్రం మీ మోడల్ చూసుకోవాలి, రేసింగ్ డ్రోన్లలో, కొన్ని బొమ్మ డ్రోన్లలో థ్రాటిల్, అంటే ఎత్తు మార్చే స్టిక్, కిందకి లాగేస్తే మోటార్లు ఆగి రాయిలా పడిపోద్ది. రెండు స్టిక్స్‌నీ లోపలి మూలకి లాగితే మోటార్లు ఆఫ్ అయ్యే మోడల్స్ కూడా ఉన్నాయి, కంగారులో చేతులు పోయేది సరిగ్గా ఆ మూలకే. అందుకే ఆన్ చెయ్యకముందే ఉత్తి రిమోట్ పట్టుకుని ఏ స్టిక్ ఏం చేస్తుందో బయటికి చెప్పుకుంటూ ఓసారి తిప్పి చూడండి.

మొదటి టేకాఫ్ చూడ్డానికి చుట్టూ పదిమందిని పోగెయ్యడం నాకు నచ్చదు. ఒకరు పైకి అంటారు, ఒకరు నా మీదకి తిప్పు అంటారు, పిల్లలు పరిగెత్తుకొస్తారు. వీడియో కూడా ఇవాళ వద్దు, తెర చూస్తూ కూర్చుంటే డ్రోన్ ఎక్కడుందో కంటికి దొరకదు. గాలి ఎక్కువుందా అన్నది కింద కాదు, చెట్ల చివర్లు చూసి చెప్పాలి. ఇక రూల్స్ ఏ దేశానివి ఆ దేశానివే, చాలాచోట్ల 120 మీటర్లు దాటకూడదు, 250 గ్రాములు దాటితే నిబంధనలు పెరుగుతాయి, ఎయిర్‌పోర్ట్ దగ్గర అనుమతి లేకుండా అసలు కుదరదు, మీ దగ్గర ఏముందో కొన్నరోజే చూసుకోండి.

దించడం కూడా ఎగరేయడమంతా అయ్యాక చేసే చిన్న పని కాదు, బ్యాటరీ 30 శాతం ఉండగానే మొదలెట్టాలి. నిట్టనిలువుగా గబగబా దించితే తన రెక్కలు తోసిన గాలిలోకే అది దిగి ఊగిపోద్ది, మెల్లగా దించండి. మీటరు ఎత్తులో ఓసారి ఆపండి, కింద పలక ఉందో లేదో చూసుకోండి, ఆ తర్వాత మళ్ళీ నసగొద్దు, స్టిక్ కిందకి లాగి, మోటార్లు పూర్తిగా ఆగేదాకా అలాగే పట్టుకోండి. నేల తాకగానే హమ్మయ్య అని వదిలేస్తే అది ఇంకా ఎగురుతున్నాననుకుని పక్కకి ఒరిగి రెక్కలు నేలకి కొట్టుకుంటుంది. చేత్తో అందుకోవడాలు, సినిమా స్టైల్స్, మొదటిరోజు వద్దు, ఆ రెక్కలు వేలు కోసేస్తాయి.

రెక్కలు ఆగాక దగ్గరికెళ్ళి ముందు డ్రోన్ ఆఫ్ చెయ్యండి, తర్వాతే రిమోట్. బ్యాటరీ తీసి పట్టుకుంటే వేడిగా ఉంటుంది, చల్లారేదాకా చార్జింగ్ పెట్టకండి. సెలవు, నమస్కారం.