షేర్డ్ ఫోల్డర్‌కు ట్రిపుల్ సెవెన్ ఎందుకు?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: గచ్చిబౌలిలో లినక్స్ సర్వర్లు చూసుకునే సిస్టమ్ అడ్మిన్, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ బాధ్యత చూసే లెక్చరర్, యూనివర్సిటీ సర్వర్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థిని.)

యాంకర్: నమస్కారం. ఒకే సర్వర్ మీద నలుగురు పనిచేసే చోట "పర్మిషన్ డినైడ్" కనబడని రోజుండదు. మేడమ్, మీ దగ్గర తంటా ఎక్కడొస్తోంది?

విద్యార్థిని: మా టీమ్ మొత్తానికి ఒకటే ఫోల్డర్. అది అందరికీ తెరుచుకుంటుంది. కానీ నేను పెట్టిన ఫైలును జూనియర్ చదవగలడు, మార్చలేడు. రాత్రి ఫోన్ చేసి "అక్కా, ఆ ఫైలుకు పర్మిషన్ ఇవ్వవా" అంటాడు. ఇస్తాను. మర్నాడు ఇంకో ఫైలు, మళ్లీ అదే కథ.

లెక్చరర్: మా పిల్లలు ఫోన్లదాకా పోరు. నేరుగా ట్రిపుల్ సెవెన్, అంటే 777 పర్మిషన్ కొట్టేస్తారు. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసొచ్చినవాళ్లదీ అదే అలవాటు!

అడ్మిన్: అసలు రోగం అదే సర్. 4 చదవడానికి, 2 రాయడానికి, 1 నడపడానికి. కలిపితే 7. మూడు ఏడులంటే ఓనర్‌కూ గ్రూపుకూ మిగతా అందరికీ అన్నీ ఇచ్చేసినట్టే. ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా, హ్యాకర్ చేతికి చిక్కిన వెబ్‌సర్వర్ ప్రాసెస్ అయినా సరే, అందులో రాసేయొచ్చు.

యాంకర్: మరి మేడమ్ గారి ఫైలు టీమ్‌కు ఎందుకు లొంగలేదు?

అడ్మిన్: ఫైలు పుట్టేటప్పుడే రెండు జరుగుతాయి. లినక్స్‌లో కొత్త ఫైలుకు ఫోల్డర్ గ్రూపు రాదు, చేసినవారి ప్రైమరీ గ్రూపు వస్తుంది. రెడ్‌హ్యాట్, ఉబుంటుల్లో అది మామూలుగా ఆ యూజర్ పేరుతోనే ఉన్న ఒంటరి గ్రూపు. ఇక రెండోది యూమాస్క్, అంటే కొత్త ఫైలుకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగు. చాలా సర్వర్లలో అది 022 ఉంటుంది, అంటే గ్రూపు రాసే హక్కు మొదట్లోనే పోతుంది. ముందు ఫోల్డర్‌ను ప్రాజెక్టు గ్రూపుకు మార్చి, 2770 ఇవ్వండి. ఆ ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్. ఇకపై అందులో పుట్టే ఫైళ్లకు ఫోల్డర్ గ్రూపే వస్తుంది, కొత్త సబ్‌ఫోల్డర్లకు ఆ బిట్ కూడా వస్తుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే ఈ బిట్ లేకుండానే గ్రూపు ఫోల్డర్ నుంచి వస్తుంది.

లెక్చరర్: అది మేమూ పెట్టాం. గ్రూపు మారింది, రాయడం మాత్రం రాలేదు.

అడ్మిన్: యూమాస్క్ మిగిలిపోయింది కదా సర్. దాన్ని 002 చేయాలి. కానీ ఎంతమంది సెట్టింగులు మారుస్తాం? క్రాన్ జాబులు, అంటే టైముకు వాటంతటవే నడిచే పనులు, ఆ సెట్టింగుల ఫైళ్లు చదవవు కూడా. అందుకే నేను ఫోల్డర్ మీదే డిఫాల్ట్ ఏసీఎల్, అంటే అందులో పుట్టే ఫైళ్ల మీద ఎవరికి ఏ హక్కులో చెప్పే జాబితా, పెడతాను. అది ఉంటే లినక్స్ యూమాస్క్‌ను పట్టించుకోదు. ప్రోగ్రామే ఫైలును 600తో, అంటే ఓనర్‌కు మాత్రమే హక్కులిచ్చి, సృష్టిస్తే మాత్రం గ్రూపుకు ఏమీ రాదు.

విద్యార్థిని: ఇవన్నీ పెట్టాక కూడా మొన్న నా హోమ్ నుంచి తెచ్చిన ఫైలు పాత గ్రూపుతోనే ఉంది.

అడ్మిన్: మూవ్ చేసి ఉంటారు. ఒకే డిస్కులో మూవ్ అంటే పేరు మారడమే, ఫైలు కొత్తగా పుట్టదు. కాపీ చేస్తే పుడుతుంది. అందులోనూ పాత వివరాలు కాపాడే ఆప్షన్ ఇస్తే మళ్లీ మొదటికే.

యాంకర్: ఒకరి ఫైలు ఇంకొకరు చెరిపేయకుండా?

అడ్మిన్: ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫైలును రీడ్‌ఓన్లీ చేసినా డిలీట్ ఆగదు. ఫోల్డర్ ఒక హాజరు పట్టీ అనుకోండి. డిలీట్ అంటే అందులో పేరు కొట్టేయడం. పట్టీ మీద రాసే హక్కుంటే చాలు. ఆపాలంటే స్టికీ బిట్ కావాలి. అది ఫోల్డర్‌కు పెడితే ఒకరి ఫైలును మామూలు సభ్యులు ఇంకొకరు చెరపలేరు. టెంప్ ఫోల్డర్‌కు 1777 అని ఉండేది అందుకే. మనకైతే 3770.

లెక్చరర్: పాత ఫైళ్లన్నిటికీ ఒకేసారి మైనస్ కేపిటల్ ఆర్‌తో 2770 కొట్టేస్తే?

అడ్మిన్: వద్దు సర్! మామూలు టెక్స్ట్ ఫైళ్లు కూడా ఎగ్జిక్యూటబుల్ అయిపోతాయి. గ్రూపుకు చదవడం, రాయడం, పెద్ద ఎక్స్ ఇవ్వండి. పెద్ద ఎక్స్ ఫోల్డర్లకూ, ముందే నడిచే ఫైళ్లకూ మాత్రమే పడుతుంది. సెట్‌జీఐడీ మాత్రం ఫైండ్ కమాండ్‌తో వెతికి ఫోల్డర్లకే పెట్టండి.

యాంకర్: ప్రాజెక్టు వదిలి వెళ్లినవాళ్ల సంగతి?

అడ్మిన్: గ్రూపు నుంచి తీసేసినా, అప్పటికే నడుస్తున్న వాళ్ల సెషన్లకు పాత హక్కులుంటాయి. వాటిని ఆపాలి. ఖాతా తొలగించినా వాళ్ల ఫైళ్లు నంబరు పేరుతో మిగులుతాయి. ఆ నంబరు కొత్తవాడికి ఇస్తే ఓనర్ వాడే.

లెక్చరర్: అందుకా మా కొత్త బ్యాచ్ వాడికి సీనియర్ ప్రాజెక్టంతా దొరికింది!

అడ్మిన్: ఆ నంబర్లనే యూఐడీలు అంటారు. వాటిని మళ్లీ వాడకండి సర్.