పందెం మానేసిన కుక్కని ఇంటికి తెచ్చుకుంటే

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే.

గ్రేహౌండ్స్ గురించి మాట్లాడతానని గ్రూపులో మెసేజ్ పెట్టగానే ఒక బాబాయ్ గారు ఫోన్ చేసి, ఏమ్మా ఇప్పుడు మనకి నక్సలైట్ల గొడవలెందుకు అన్నారు. ఆయన తప్పేం లేదు, 1989లో పోలీసు అధికారి వ్యాస్ గారు నక్సలైట్ల కోసం మొదలుపెట్టిన దళం పేరు అదే కాబట్టి మనోళ్ళకి ఆ మాట వింటే అడవులూ కూంబింగులే గుర్తొస్తాయి. అమెరికాలో చదువుకున్నోళ్ళకి బస్సు గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ బస్సు మీద బొమ్మలో పరిగెడుతుంటుందే, ఆ కుక్క గురించి. మూడేళ్ళుగా అదొకటి మా సోఫా మీద పడుకుని ఉంది, పరిగెత్తడం మాత్రం నేను చూసింది తక్కువే.

మెల్‌బోర్న్‌లో ఉంటూ మనలో చాలామందికి తెలీదు, స్ప్రింగ్‌వేల్‌కి కూరగాయలకని వెళ్తాం కదా, అక్కడే సాండౌన్ పార్క్ అని కుక్కల ట్రాక్ ఉంది. 515 మీటర్ల పరుగు, మరబొమ్మ ఒకటి ముందు పోతుంటే ఎనిమిది కుక్కలు దాని వెనకాల పడతాయి, ఒకటో నంబర్‌కి ఎర్ర చొక్కా, రెండుకి తెలుపూ నలుపూ చారలు, ఎనిమిదికి గులాబీ. దాదాపు గంటకి 70 కిలోమీటర్ల స్పీడు అందుకుంటాయి, అంతా కలిపి అరనిమిషంలో అయిపోతుంది. అరనిమిషం కోసం బెట్టింగులు. మనం నీతులు చెప్పడానికి లేదులెండి, సంక్రాంతికి భీమవరం వైపు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, ఓడిన కోడి ఎక్కడికి పోతుందో కూడా తెలుసు.

మరి ఓడిన కుక్క ఎక్కడికి పోతుంది? నాలుగైదేళ్ళొచ్చేసరికి దాని ఉద్యోగం అయిపోతుంది, కాలు విరిగితేనో, స్పీడు లేదని తేలితేనో ఇంకా ముందే. ఆ తర్వాత ఇంకో ఏడెనిమిదేళ్ళ ఆయుష్షుంటుంది. ఒకప్పుడు ఎన్నింటినో చంపేసేవాళ్ళు, అది దాచాల్సిన విషయం కాదు. మన విక్టోరియా రాష్ట్రంలో వీటిని ఇళ్ళకి పెంచుకోడానికిచ్చే ప్రోగ్రామ్ 1996లో మొదలైంది. 2015లో బతికున్న జంతువుల్ని ఎరగా కట్టి ట్రైనింగ్ ఇస్తున్నారని ఏబీసీ టీవీ బయటపెట్టాక పెద్ద గొడవైంది, తర్వాతి ఏడాది న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం రేసులు మొత్తం బంద్ అని ప్రకటించి మూడు నెలలకే వెనక్కి తగ్గింది. కాన్‌బెర్రా వాళ్ళు మాత్రం 2018లో ఆపేశారు. అక్కడ అమెరికాలో, ఫ్లోరిడాలో ఓటింగ్ పెట్టి మరీ 2020 ఆఖరుకి మూయించారు. ఇక్కడ ఇంకా నడుస్తోంది, నడిచినన్నాళ్ళూ ఇవి రిటైరవుతూనే ఉంటాయి.

రాజకీయాలు చాలు, మా సీతాలు దగ్గరికొస్తా. నల్లగా నిగనిగలాడుతుంటుంది. తెచ్చిన రోజు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దానికి ఇల్లంటే ఏంటో తెలీదండీ, పుట్టినప్పట్నుంచీ కెన్నెల్లోనే. మెట్లు చూసి వణికింది, గాజు తలుపుకి ఠప్పున గుద్దుకుంది, అద్దంలో ఇంకో కుక్కని చూసి అరగంట అక్కడే నుంచుంది. సరే అలవాటు పడుతుందిలే అనుకుని నేను పప్పు పెట్టాను, కుక్కర్ మొదటి విజిలేసింది, అంతే, 28 కిలోల జంతువు బాత్రూంలోకి దూరి టబ్బులో నిలబడింది. ఆ వారమంతా మేము పప్పు గిన్నెలోనే ఉడకేసుకున్నాం.

మా నాన్న హెడ్మాస్టారుగా రిటైరయ్యాక ఆర్నెల్లు పొద్దున్నే తయారై కుర్చీలో కూర్చునేవారు, ఏం చెయ్యాలో తెలీక. ఇదీ అంతే. మనం జాలితో మీద పడి ముద్దులు చేసేస్తాం, దానికి కావాల్సింది ఒక మూల, ఒక పరుపు, వేళకి తిండి, కొన్నాళ్ళు వదిలెయ్యడం.

ఇంకోటి, బాగా పరిగెత్తించాలి కదా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు, రెండు పూటలా నడిపిస్తే చాలు, మిగతా రోజంతా నిద్రే. పడుకునేటప్పుడు వెల్లకిలా, నాలుగు కాళ్ళూ గాల్లోకి. వాకింగ్‌లో మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది, చిన్నప్పుడు మనం స్టాచ్యూ ఆడేవాళ్ళం చూడండి అలా, ఎవరూ రిలీజ్ అనరు. లాగకూడదు, నెమ్మదిగా పక్కకి తిప్పితే కదులుతుంది. లీష్ మాత్రం బయట ఎప్పుడూ తియ్యకూడదు, ఇక్కడ రూలే అది. కుందేలో పిల్లో కనపడిందంటే మీ పిలుపు వినపడదు దానికి. తల మెడ కన్నా సన్నం, మామూలు కాలర్ జారిపోతుంది, లాగితే బిగుసుకునే మార్టింగేల్ కాలరే కొనండి. 2019 జనవరి దాకా వీటిలో చాలావాటికి బయటికెళ్తే మూతికి చిక్కం కూడా ఉండాల్సిందే, టెస్టు పాసై ఆకుపచ్చ కాలర్ వచ్చినవాటికి తప్ప. ఆ చిక్కం చూసి ఇవి కరిచే కుక్కలని జనం అనుకునేవాళ్ళు.

కరవవని నేననట్లేదు, నిజం చెప్పాలి. వచ్చిన రెండో నెల, సీతాలు కార్పెట్ మీద పడుకునుంది, కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, మెలకువగానే ఉందనుకుని మా చిన్నోడు వెళ్ళి మెడ చుట్టూ చేతులేసేశాడు. ఒక్కసారిగా లేచి గుర్ర్‌మని గాల్లో పళ్ళు కొరికింది, వాడి చెంపకి బెత్తెడు దూరంలో. మరుక్షణం అదే భయపడి మూలకి పోయింది. ఇవి కళ్ళు తెరిచి కూడా నిద్రపోతాయి, పైగా కెన్నెల్లో నిద్రలో ఎవరూ ముట్టుకోరు, అందుకే ఉలిక్కిపడతాయి. నాకు ఆ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ రోజు రాత్రి తిరిగిచ్చేద్దామని మా ఆయనతో అన్నాను కూడా. పొద్దున్నకి ఒక రూల్ పెట్టుకున్నాం, దాని పరుపు దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, పేరు పెట్టి పిలవాలి, అదే లేచి రావాలి. మళ్ళీ జరగలేదు.

మా అమ్మ ఏలూరు నుంచి వచ్చినప్పుడు ఇంకో కథ. నల్ల కుక్క, పైగా ఇంట్లో, పైగా సోఫా మీద! రెండ్రోజులు ముఖం మాడ్చుకుంది, తర్వాత కాలభైరవుడి వాహనం కదే అని తనే సర్దుకుంది. అక్కడితో ఆగలేదు, ఎముకలు కనపడుతున్నాయి దీనికి అన్నం పెట్టట్లేదా అని నెయ్యేసి పప్పన్నం దొంగతనంగా పెట్టడం మొదలెట్టింది. చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడితేనే ఇవి ఆరోగ్యంగా ఉన్నట్టు అంటే వినదే. ఆ పప్పుతో ఇల్లంతా ఏ వాసనొచ్చిందో మైకులో చెప్పలేను. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్మిస్ మాత్రం ఏ కుక్కకీ పడవు, పరమాన్నం గిన్నె కింద పెట్టకండి.

డాక్టర్ దగ్గర ఒక్క మాట. వీటికి టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ మామూలుగానే తక్కువుంటుంది, ఎర్ర రక్తకణాలు ఎక్కువుంటాయి, అందుకని రిపోర్టు చూసి కంగారుపడి మాత్రలు మొదలెట్టేముందు గ్రేహౌండ్లు అలవాటున్న డాక్టర్‌కి చూపించండి. ఇంటికో థైరాయిడ్ డబ్బా ఉన్న జాతి మనది, దానికి కూడా అంటగట్టడమెందుకు. మత్తుమందు ఇచ్చేటప్పుడు కూడా గ్రేహౌండ్ అని గుర్తుచెయ్యండి, ఒంట్లో కొవ్వు ఉండదు, కొన్ని పాత మందుల మత్తు వీటికి తొందరగా దిగదు. చలికాలం స్వెటర్ వెయ్యాలి, నవ్వుకోండి పర్లేదు.

ఇంట్లో పిల్లి ఉంటే పిల్లులతో టెస్ట్ చేసిన కుక్కనే అడగండి, కొన్ని పట్టించుకోవు, కొన్ని ఎప్పటికీ మారవు. కాపలాకైతే అసలొద్దు, మా ఇంట్లో దొంగ పడితే సోఫాలో జరిగి చోటిస్తుంది.

సీతాలు బయటే ఉంది, చెట్టు కింద మా ఆయన దగ్గర. వెళ్ళి చూడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. పడుకునుంటే మాత్రం దూరం నుంచే పేరు పెట్టి పిలవండి, అదే వస్తుంది. ఆ జంతికలు ఇక్కడే పెట్టేసి వెళ్ళండి.