బ్యాండ్ తీశాక ఆ చేయి ఎవరు చూస్తున్నారు?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే విన్నారు, మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం మణికట్టు దారిలో, అంటే అక్కడి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, గుండె యాంజియోగ్రామ్ చేశాక రక్తనాళాలకు వచ్చే ఇబ్బందులు. బ్యాండ్ అంటే ఆ పని అయ్యాక రక్తం ఆగడానికి మణికట్టుకు కట్టే గాలి పట్టీ. స్లైడ్లు చాలానే తెచ్చాను, ఎన్ని చూపిస్తానో తెలీదు.

1989లో మాంట్రియల్‌కు చెందిన లూసియన్ కాంపో ఈ దారిలో చేసిన యాంజియోగ్రామ్‌లను ప్రచురించారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనీ ఇదే దారిలో యాంజియోప్లాస్టీ మొదలుపెట్టారు. అంతకుముందు ఎక్కువగా తొడ దారే. గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. ఒక్కోసారి కడుపు వెనక రక్తం చేరేది, బయటికి ఏమీ కనబడేది కాదు. మణికట్టు దారి వచ్చాక ఆ భయం చాలా తగ్గింది. అందులో నాకే సందేహమూ లేదు. దాంతోపాటు వచ్చిన ధీమాతోనే నా పేచీ.

ఇక్కడ ఎక్కువగా వచ్చే ఇబ్బంది రేడియల్ ధమని, అంటే బొటనవేలి వైపు మనం గొట్టం పంపిన నాళం, రక్తం గడ్డకట్టి మూసుకుపోవడం. అరచేతికి చిటికెన వేలి వైపుండే అల్నార్ ధమని నుంచీ రక్తం అందుతుంది కాబట్టి చాలామందికి నొప్పి ఉండదు, చేయి చల్లబడదు. రోగి ఏమీ అనడు. రోగి అనలేదు కాబట్టి మనమూ రాయం.

ఒకాయన గురించి చెప్పాలి. రెండోసారి యాంజియోగ్రామ్‌కి వచ్చారు. పాత కేస్ షీట్‌లో ‘పల్స్ బాగుంది’ అని ఉంది. నేనూ వేళ్లు పెట్టి చూశాను, నిజంగానే కొట్టుకుంటోంది. చిటికెన వేలి వైపు అల్నార్‌ని నొక్కిపట్టగానే ఆ పల్స్ మాయం! అరచేతిలోంచి దొడ్డిదారిన వెనక్కి వస్తున్న రక్తం అది. అసలు ధమని ఎప్పుడో మూసుకుపోయింది. ఆయనకు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. డయాలసిస్ ఫిస్టులాకి, అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టడానికి, ఆ మణికట్టే కావాలని కిడ్నీ డాక్టరుగారు అనుకుంటున్నారు. మొదటిసారి బ్యాండ్ తీసిన రోజే ఎవరైనా ఇలా నొక్కి చూసి ఉంటే? తొలి గంటల్లో తెలిస్తే, అల్నార్‌ని ఓ గంట నొక్కి ఉంచితే రేడియల్ మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సరిపడా ఇచ్చారా అని కూడా అప్పుడే చూసుకోవచ్చు.

స్లైడ్లు ఆపేయండి బాబూ. సిస్టర్లూ, పక్కవాళ్ల చేయి పట్టుకోండి. సిగ్గుపడకండి. బొటనవేలి వైపు పల్స్ మీద మీ వేళ్లు ఉంచి, రెండో చేత్తో అల్నార్‌ని గట్టిగా నొక్కండి. పల్స్ ఇంకా తెలుస్తోందా? తెలియాలి. పోయిందంటే అనుమానించాలి. వార్డులో అయితే చూపుడువేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి అల్నార్‌ని నొక్కండి. తెర మీద అల చదునైపోతే డాక్టర్‌ని పిలవండి. నిమిషం పని.

బ్యాండ్ గురించి కూడా. రక్తం రాకూడదన్న టెన్షన్‌తో గాలి నింపేస్తారు, ధమని పూర్తిగా అణిగిపోతుంది. మెల్లగా గాలి తీస్తూ, రక్తం చెమ్మ కనబడగానే ఒకటి రెండు మిల్లీలీటర్లు తిరిగి నింపండి. రక్తం ఆగాలి, లోపల ప్రవాహం మాత్రం ఆగకూడదు.

స్పాజమ్ (ధమని బిగుసుకుపోవడం), సూడో అన్యూరిజమ్ (ధమని గోడకు చిల్లు పడి పక్కన రక్తపు సంచి ఏర్పడటం)... ఇవన్నీ నోట్సులో ఉన్నాయి, చదువుకోండి. ఒక్కటి మాత్రం వదలను. మణికట్టు బాగానే ఉండి ముంజేయి బిగుసుకుపోతోందా, వేళ్లు చాపితే రోగి కేక పెడుతున్నాడా, ‘మామూలు వాపే’ అనకండి. లోపల రక్తం చేరి కండరాలను నొక్కేస్తోందేమో. దాన్ని వదిలేస్తే చేయే పోవచ్చు. నొప్పి మాత్ర ఇచ్చి రౌండ్స్ దాకా ఆగడానికి లేదు.

టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క మాట. మన డిశ్చార్జ్ కాగితంలో బరువుకి గడి ఉంది, బీపీకి ఉంది, భోజనానికీ ఉంది. రేడియల్‌కి లేదు. చాలాకాలంగా అడుగుతున్నాను, ‘ఫారం మార్చాలంటే కమిటీ కూర్చోవాలి’ అంటున్నారు. కమిటీ కూర్చునేదాకా మీరు పెన్నుతో రాయండి: ‘అల్నార్ నొక్కి చూశాం, రేడియల్ ఉంది’ లేదా ‘లేదు’. కింద టైమ్ వేసి సంతకం పెట్టండి.