మీటింగ్ టైముతో పాటు చివరి బస్సు టైమూ చూసుకోండి

హోస్ట్: తాగుడు మానాలని ఒక మనిషి గట్టిగా అనుకున్నాడు, అలా మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి వెళ్దామనుకుంటున్నాడు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కడ మొదలుపెట్టాలి సార్?

కౌన్సిలర్: అంతకంటే ముందు ఒక ప్రశ్న ఉందమ్మా. రోజూ తాగుతున్నాడా? పొద్దున్న లేవగానే చేతులు వణుకుతున్నాయా? అలాగైతే మొదట డాక్టరు, తర్వాతే మీటింగ్. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమటలు పట్టుకుంటాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి మతి తప్పినట్టయి, లేని మనుషులు కనబడుతున్నారంటారు. అది ప్రాణాల మీదికొచ్చే సంగతి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తే విలువైన గంటలు పోతాయి.

హోస్ట్: డాక్టరు చూశారు, మందులు నడుస్తున్నాయి. ఇక మీటింగ్ ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

కౌన్సిలర్: మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416, అందులో తెలుగులో మాట్లాడొచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ వెబ్‌సైట్‌లోనూ మీటింగుల వివరాలు పెడతారు. కానీ టైములు, చోట్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఏ భాషలో జరుగుతుంది, ఎన్నింటికి అయిపోతుంది, పండగ రోజున కూడా ఉంటుందా, ఓపెన్ మీటింగా క్లోజ్‌డ్ మీటింగా అని అడగండి. ఓపెన్‌కి ఇంట్లోవాళ్ళూ రావచ్చు. క్లోజ్‌డ్ తాగుడు మానాలనుకునేవాళ్ళకే. పండగ సంగతి ఎందుకంటే, సంక్రాంతికీ సిరిమానుకీ చుట్టాలు దిగుతారు, సీసాలూ దిగుతాయి. ఆ వారమే మీటింగ్ లేకపోతే కష్టం.

హోస్ట్: టైము గురించి మీరు ప్రత్యేకంగా చెబుతుంటారు.

కౌన్సిలర్: మనిషికి సరిపడే మీటింగ్ అంటే వచ్చే వారం కూడా వెళ్ళగలిగేది. ఆమదాలవలస నుంచో చీపురుపల్లి నుంచో వచ్చేవాడికి మీటింగ్ ఎనిమిదిన్నరకి అయిపోతే, తిరిగి వెళ్ళడానికి బండి ఉందా? లేకపోతే రెండు వారాలు వస్తాడు, మూడో వారం మానేస్తాడు. మనసు లేక కాదు, బస్సు లేక. ఇంకోటి, రోజూ చెయ్యి గ్లాసు మీదికి పోయే వేళ ఏది? ఎక్కువమందికి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఆ వేళకి పడే మీటింగే ముందు చూసుకోండి. బస్సు దిగిన చోటి నుంచి హాలు దాకా దారిలో వైన్ షాపు ఉందేమో పగలే ఒకసారి నడిచి చూడండి. ఉంటే వేరే వీధి పట్టండి. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళయితే రెండు మీటింగులు చూసి పెట్టుకోవాలి, షిఫ్ట్ మారగానే ఒకటి చేజారిపోతుంది.

హోస్ట్: చిన్న ఊళ్ళు కదా. తెలిసినవాడు చూస్తాడని భయం.

కౌన్సిలర్: ఆ భయం నిజమైనదే, తేలిగ్గా తీసేయకూడదు. లోపల ఎవరు ఏం చెప్పారో, ఎవరొచ్చారో బయట చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. ఇంటిపేరు అడగరు. అయినా మొహమాటమైతే మొదటిసారి పక్క ఊరికి వెళ్ళండి, కానీ ప్రతి వారం శ్రీకాకుళం నుంచి విజయనగరం తిరగడం సాగదు, దగ్గరది చూసుకోవాల్సిందే. ఫోన్‌లో ఆన్‌లైన్ మీటింగ్ కూడా ఉంది. చేరేముందు తెరమీద కనబడే పేరు మార్చుకోండి. చాలా ఫోన్లలో పూర్తి పేరే వస్తుంది. కెమెరా ఆపేయండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

హోస్ట్: లోపలికి వెళ్ళాక మాట్లాడి తీరాలా?

కౌన్సిలర్: అక్కర్లేదు. "ఈరోజు వింటాను" అంటే చాలు. గంట, గంటన్నర జరుగుతుంది. ఫీజు లేదు, చివర్లో చందా బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్ళు వెయ్యకపోయినా ఎవరూ ఏమనరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒక్క మీటింగ్‌తో తీర్పు చెప్పకండి, ఏ రెండు గ్రూపులూ ఒకేలా ఉండవు, నాలుగైదు సార్లయినా కూర్చోండి. కానీ డాక్టరిచ్చిన మాత్రలు మానెయ్యమన్నా, తాగుడు మాన్పిస్తుందని ఏదో పొడి కొనమన్నా, డబ్బు అడిగినా లేచి వచ్చేయండి. మందుల మాట డాక్టరుదే.

హోస్ట్: మళ్ళీ తాగేసినవాడు వెళ్ళొచ్చా?

కౌన్సిలర్: తప్పకుండా వెళ్ళాలి. ఆరోజు తాగి ఉంటే మాట్లాడకుండా కూర్చుని వినమంటారు, అంతే.

హోస్ట్: "మా ఆయన ససేమిరా రానంటున్నాడు, నేనేం చేయాలి?" ఇది చాలామంది ఆడవాళ్ళ ప్రశ్న.

కౌన్సిలర్: ఆయన రాకపోయినా మీరు వెళ్ళండమ్మా. ఇంట్లోవాళ్ళకి ఆలనాన్ అని వేరే గ్రూపులున్నాయి, అవి దూరమైతే ఓపెన్ మీటింగ్‌కి వెళ్ళి వినండి. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఎవరో చెప్పారని, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర కూరలో కలిపి పెట్టకండి. ఆయన తెలియక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి రావచ్చు. ఆ మాత్ర ఆయనకి చెప్పి, ఒప్పుకున్నాక డాక్టరే ఇవ్వాలి. ఇప్పటికే కలిపి ఉంటే ఆయనకీ డాక్టరుకీ దాచకుండా చెప్పేయండి. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది, ఆ రోజుల్లో చుక్క తగిలినా ప్రమాదమే.